పది మీటర్ల అవతలి పెసరగింజ

ఒక చలికాలం పొద్దున, హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు గట్టున కూర్చుని, ముప్పై ఆరు ఫ్రేముల రీలంతా ఒకే ఒక్క తెల్లకొంగ మీద ఖర్చుపెట్టాను. చేతిలో పాత రేంజ్‌ఫైండర్ కెమెరా, దానికి కొత్తగా (అంటే ఎవరో వాడి వదిలేసిన) 135 మి.మీ. లెన్స్. రీలు కడిగించి చూస్తే కొంగ వెనకున్న తుంగను ఆకు ఆకునా లెక్కపెట్టుకోవచ్చు. కొంగ మాత్రం తడిగోడ మీద వేసిన సున్నం చారలా ఉంది. లెన్స్ నాసిరకమని నాలుగు రోజులు తిట్టుకున్నాను. తర్వాత కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేస్తే దానిలో దోషమేమీ కనబడలేదు. ఉన్నదల్లా ఒక త్రిభుజం. ఆ త్రిభుజాన్ని అది మోయగలిగినంత బరువు దాకా మోయించాను నేను.

ఇప్పుడు చాలామంది చూసిన ఫిలిం కెమెరా ఎస్ఎల్ఆర్. అందులో లెన్స్ వెనక ఒక అద్దం ఉంటుంది. లెన్స్ చూసేదాన్నే కంటికి చూపిస్తుంది. మసకగా ఉంటే మసకగానే కనబడుతుంది, తిప్పి సరిచేసుకుంటాం. రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఆ సౌకర్యం లేదు. కన్ను పెట్టే కిటికీ వేరు, ఫిలిం మీద బొమ్మ వేసే లెన్స్ వేరు. కిటికీలోంచి చూస్తే ముక్కుముందున్న కొమ్మ నుంచి దూరపు కొండ దాకా అంతా స్పష్టమే. లెన్స్‌లో ఏది తేటగా ఉందో, ఏది చెదిరిందో ఆ కిటికీకి తెలియదు. అది చేయగలిగింది ఒక్కటే, దూరం కొలవడం.

కొలిచే పద్ధతి మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. చేయి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు పక్కకు గెంతుతుంది. వేలిని దగ్గరకు తెస్తే గెంతు పెద్దదవుతుంది. దూరం జరిపితే తగ్గుతుంది. రెండు కళ్ల మధ్య ఎడం తెలిసి, గెంతిన కోణం తెలిస్తే వేలు ఎంత దూరాన ఉందో చెప్పేయవచ్చు. 1802లో విలియం లాంబ్‌టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దాదాపు 12 కిలోమీటర్ల సరళరేఖను గొలుసులతో కొలిచి, దాని మీద నుంచి త్రిభుజాలు అల్లుకుంటూ దేశాన్ని కొలవడం మొదలుపెట్టింది ఈ సూత్రంతోనే. యుద్ధనౌకల మీదా ఇదే. జపాన్ వారి యమాటో మీద దూరం కొలిచే పరికరం పొడవు 15 మీటర్లు, ఒక చివరి కిటికీ నుంచి రెండో చివరి కిటికీకి. అంత పొడవెందుకంటే గుండు పడవలసిన చోటు కిలోమీటర్ల అవతల ఉంటుంది కనుక. త్రిభుజం అడుగు ఎంత వెడల్పైతే కొలత అంత గట్టిది.

కెమెరాలో ఆ అడుగు ఎంతుంటుంది? అరచేతి వెడల్పు కూడా ఉండదు.

1932లో జర్మనీలోని లైట్జ్ కంపెనీ లైకా II తెచ్చింది. లెన్స్ తిప్పుతుంటే దూరం కొలిచే యంత్రమూ దానితోపాటు కదిలే ఏర్పాటు అందులో ఉంది. అదే ఏడాది జైస్ ఐకాన్ కాంటాక్స్ కూడా అదే ఏర్పాటుతో వచ్చింది. లైకాలో రెండు కిటికీల మధ్య ఎడం దాదాపు 39 మి.మీ. 1954 నాటి లైకా ఎం3లో అది 68.5 మి.మీ. అయింది, తర్వాతి ఎం కెమెరాల్లో 69.25. ఒక కిటికీలోంచి వచ్చిన దృశ్యం మీద రెండో కిటికీ దృశ్యం మధ్యలో చిన్న దీర్ఘచతురస్రంగా పడుతుంది. ఫోకస్ రింగు తిప్పుతుంటే ఆ దీర్ఘచతురస్రంలోని బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండు కొంగలు ఒక్క కొంగ అయినప్పుడు దూరం కుదిరినట్టు.

ఇక్కడ ఒక చిల్లర లెక్క ఉంది, తర్వాత పెద్దదవుతుంది. ఫైండర్, అంటే కన్ను పెట్టే కిటికీ, దృశ్యాన్ని అసలు కన్నా చిన్నదిగా చూపిస్తుంది. ఎం3లో 0.91 వంతు, తర్వాత వచ్చిన చాలా ఎం కెమెరాల్లో 0.72 వంతు. దృశ్యం చిన్నదైతే రెండు బొమ్మల మధ్య ఎడమూ చిన్నదవుతుంది, కన్ను దాన్ని పట్టుకోవడం కష్టమవుతుంది. అందుకే కిటికీల ఎడాన్ని ఆ వంతుతో గుణించి చూడాలి. ఎం3కి 62 మి.మీ. పైచిలుకు, 0.72 కెమెరాలకు 50కి వెంట్రుకవాసి తక్కువ. కాగితం మీది పొలం ఎంతైనా సాగులో ఉన్నదే లెక్క. దీన్ని సాగు ఆధారం అనుకుందాం.

ఇక కన్ను. రెండు బొమ్మలు కలిశాయా లేదా అని తేల్చడంలో మామూలు కంటి హద్దును ఒక కోణీయ నిమిషం అని తీసుకుంటారు. డిగ్రీలో అరవయ్యో వంతు. పది మీటర్ల అవతల పెట్టిన పెసరగింజ మన కంటి దగ్గర చేసే కోణం దాదాపు అంతే. అంతకన్నా తక్కువ ఎడం ఉంటే కన్ను రెండింటినీ ఒకటే అనేస్తుంది.

ఈ పెసరగింజను 0.72 కెమెరా త్రిభుజంలో పెడితే, 5 మీటర్ల దూరాన కొలతలో పొరపాటు 14, 15 సెంటీమీటర్ల దాకా రావచ్చు. 10 మీటర్ల దూరాన 58 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే పొరపాటు నాలుగింతలు. యంత్రం చెడిపోయి కాదు. సరిగ్గా పనిచేస్తున్నప్పుడే.

50 మి.మీ. లెన్స్‌కి ఈ పొరపాటు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లెన్స్ పొడవయ్యేకొద్దీ కథ మారుతుంది, అందరూ తప్పుగా ఊహించేదీ ఇక్కడే. 135 మి.మీ. లెన్స్ కొంగను 50 కన్నా 2.7 రెట్లు పెద్దగా చూపిస్తుంది కాబట్టి ఫోకస్ పొరపాటు కూడా 2.7 రెట్లే పెరుగుతుందని నేనూ అనుకున్నాను. కానీ ఫోకస్ అన్నది లోతుకు సంబంధించింది. బొమ్మ అడ్డంగా ఎన్ని రెట్లు పెరిగిందో, లోతులో ఆ సంఖ్యను దానితోనే గుణించినన్ని రెట్లు పెరుగుతుంది. కొంగ అరమీటరు ముందుకు వస్తే, లెన్స్ వెనక బొమ్మ తేటపడే చోటు 50తో జరిగిన దానికి 7.3 రెట్లు ఎక్కువ జరుగుతుంది. నాభ్యంతరం (లెన్స్ పేరులోని ఆ మి.మీ. కొలత) నేరుగా రాదు, దాని వర్గం వస్తుంది.

సరే, దూరంగా ఉన్నవాటినే తీస్తే ఈ బాధ తగ్గదా? తగ్గదు. దూరం పెరిగేకొద్దీ కొలతలో పొరపాటు వర్గంగా పెరుగుతుంది. లెన్స్ మన్నించే లోతు (ఫోకస్ కాస్త తప్పినా బొమ్మ తేటగానే కనిపించే మేర) కూడా అంతే వర్గంగా పెరుగుతుంది. రెండూ చక్కగా కొట్టేసుకుపోతాయి. మిగిలేది దూరం అన్న మాటే లేని ఒక లెక్క: నాభ్యంతరం వర్గాన్ని పెసరగింజ కోణంతో గుణించి, అపర్చర్ సంఖ్యతోనూ (ఎఫ్/2లోని 2) సాగు ఆధారంతోనూ భాగించండి. ఫిలిం మీద ఒక చుక్క ఎంత వెడల్పుగా చెదురుతుందో వస్తుంది. ఐదు మీటర్ల దూరాన ఉన్న మనిషికీ యాభై మీటర్ల దూరాన ఉన్న గుడి గోపురానికీ అదే చెదురు. ఈ మాట మొదటిసారి కాగితం మీద తేలినప్పుడు నమ్మలేక మళ్లీ వేశాను.

35 మి.మీ. ఫిలిం మీద 0.03 మి.మీ. దాకా చెదిరినా మామూలు సైజు ప్రింటులో కన్ను గుర్తుపట్టదని పాత ఒప్పందం. 0.72 కెమెరాలో 50 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/2 దగ్గర వాడితే చెదురు 0.007. హాయిగా నిద్రపోవచ్చు. 90 మి.మీ. లెన్స్, ఎఫ్/2.8: 0.017. పరవాలేదు. 135 మి.మీ., ఎఫ్/4: 0.0265. గడప మీద కాలు. 135ని ఎఫ్/2.8 దగ్గర వాడితే 0.038, గడప దాటి వీధిలో ఉన్నాం. 200 మి.మీ., ఎఫ్/4.5 అయితే 0.05 దాటుతుంది.

లైకా ఎం3 ఫైండర్‌లో కనిపించే ఫ్రేమ్ గీతలు (ఏ లెన్స్ ఎంత దృశ్యాన్ని పడుతుందో చూపేవి) మూడే: 50, 90, 135. కానన్ 7లో కూడా గీతలు 135 దగ్గరే ఆగాయి. ఇంకో గీత గీయడానికి చోటు లేకనో, తోచకనో కాదు. పెసరగింజ అక్కడే ఆపింది.

ఈ లెక్కలో కంటికి కాస్త అన్యాయం జరిగింది, ఒప్పుకోవాలి. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడితే కలిశాయో లేదో చెప్పడం కష్టమే కానీ, నిలువు గీత ఒకటి మధ్యలో తెగి పక్కకు జరిగితే కన్ను ఇంకా సూక్ష్మంగా, నిమిషంలో కొద్ది వంతు తేడా అయినా పట్టేస్తుంది. గడియారాలు బాగుచేసేవాళ్లు, వెర్నియర్ స్కేలుతో పనిచేసిన లేతు కార్మికులు దీన్ని రోజూ చూస్తారు. ఎం కెమెరాల్లోని దీర్ఘచతురస్రం అంచులు పదునుగా ఉంటాయి. స్తంభం, తలుపు అంచు, గోడ మూల లాంటి నిలువు గీతను ఆ దీర్ఘచతురస్రం పైఅంచు మీద పెట్టి, తెగిన గీతను అతికించినట్టు సరిచేస్తే కొలత నా లెక్క కన్నా ఎంతో మెరుగ్గా వస్తుంది. చేయితిరిగినవాళ్లు చేసేది ఇదే.

కొంగ దగ్గర ఆ గీత లేదు. తెల్లటి ఒళ్లు, అంచులు మెత్తగా పొగమంచులో కలిసిపోయాయి. నేను గీత కోసం తుంగ వైపు చూశాను, అదే కొంప ముంచింది. తుంగ కాడలన్నీ ఒకేలా ఉంటాయి, వరసగా నిలబడతాయి. ఈ కిటికీలోని మూడో కాడ మీద ఆ కిటికీలోని నాలుగో కాడ వచ్చి చక్కగా కూర్చుంటుంది. అంతా కలిసినట్టే కనబడుతుంది. కటకటాల గేటు, పూరి తడిక, మెట్లబావి మెట్లు, ఇలా ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వచ్చే ఏ చోటైనా రేంజ్‌ఫైండర్ ఇలాగే బోల్తా కొడుతుంది. కాస్త పక్కనున్న రాయినో, ఒంటరి కొమ్మనో చూసుకోవాలి, లేదా కొంగ ముక్కు.

ఇంతదాకా కన్ను గురించే చెప్పాను. లోపల ఇనుము సంగతి కూడా ఉంది. లైకాలో లెన్స్ వెనక అంచు ఒక చిన్న చక్రాన్ని నెడుతుంది. ఆ చక్రమే రెండో కిటికీ బొమ్మను జరుపుతుంది. చక్రం కదలికను 51.6 మి.మీ. లెన్స్‌కి సరిపోయేలా తయారుచేశారు. 135 మి.మీ. లెన్స్‌ని అనంతం నుంచి ఒకటిన్నర మీటరుకు తేవాలంటే గాజులు 13 మి.మీ. పైగా ముందుకు రావాలి. చక్రం మాత్రం 2 మి.మీ. కన్నా తక్కువే జరగాలి. పదమూడు కదలికను రెండుకు కుదించే మరల పని లెన్స్ గొట్టంలో ఉంటుంది. కుదించినప్పుడు పొరపాటు మాత్రం తలకిందులుగా పెరుగుతుంది. చక్రం దగ్గర మిల్లీమీటరులో నూరోవంతు అరుగుదల ఉంటే, లెన్స్ దగ్గర అది దాదాపు ఏడింతలై వెంట్రుక మందం అవుతుంది. పాత కెమెరా కిందపడి దెబ్బతిన్నా 50 మి.మీ. లెన్స్‌తో ఏళ్ల తరబడి బాగానే నడుస్తుంది. 135 తగిలించిన రోజు గుట్టు బయటపడుతుంది.

నికాన్ వారి పాత రేంజ్‌ఫైండర్లకూ కాంటాక్స్‌కూ లెన్స్ తగిలించే మూతి ఒకేలా ఉంటుంది. ఒకదాని లెన్స్ రెండోదానికి ఎక్కుతుంది కూడా. కానీ నికాన్ 51.6 మి.మీ.ని ఆధారంగా తీసుకుంటే కాంటాక్స్ 52.4ని తీసుకుంది. 28, 35 లాంటి వెడల్పు లెన్స్‌లతో ఆ ముప్పావు మిల్లీమీటరు తేడా ఎవరికీ తెలియదు. 135తో రెండు మీటర్ల దూరాన ఉన్న ముఖాన్ని తీస్తే పొరపాటు ఆరు సెంటీమీటర్లకు చేరుతుంది. లెన్స్ మన్నించేది రెండున్నర. ముక్కుకు గురిపెడితే చెవికి తగిలినట్టు.

గోడ ఉందంటే దాన్ని ఎక్కాలని చూసేవాళ్లూ ఉంటారు. ఒక దారి త్రిభుజం అడుగును పెంచడం. 1936 నాటి కాంటాక్స్ IIలో కిటికీల ఎడం 90 మి.మీ. అదే ఏడాది బెర్లిన్ ఒలింపిక్స్ వేళకు జైస్ 180 మి.మీ., ఎఫ్/2.8 సొన్నార్ తెచ్చింది. ఒలింపియా సొన్నార్ అన్న పేరు దానికి అలాగే నిలిచింది. అంత పెద్ద గాజును మొదట్లో కెమెరా రేంజ్‌ఫైండర్‌కే నేరుగా కలిపారు. మన లెక్కలో పెట్టండి. కాంటాక్స్ ఫైండర్ దృశ్యాన్ని ఏమాత్రం తగ్గించలేదని ఉదారంగా ఒప్పుకున్నా చెదురు 0.037 వస్తుంది. తర్వాత అద్దం పెట్టె మధ్యలో పెట్టి, లెన్స్‌లోంచే చూసే ఏర్పాటు చేయక తప్పలేదు. లైట్జ్ అప్పటికే, 1935లో, ఈ అద్దం పెట్టెను తెచ్చి దానితో 200 మి.మీ. టెలిట్‌ను అమ్ముతోంది. ఆ పెట్టె వారసులకే విసోఫ్లెక్స్ అని పేరు. రేంజ్‌ఫైండర్ కెమెరాకు అద్దం పెట్టె తగిలిస్తే అది ఒళ్లు బరువెక్కిన ఎస్ఎల్ఆర్ అవుతుంది. ఎడ్లబండికి ఇంజను కట్టినట్టు. 1959లో అద్దాన్ని లోపలే ఉంచుకున్న నికాన్ ఎఫ్ వచ్చేసరికి దూరపు ఆటలు, పక్షులు, వేదికల మీది నాయకులు అంతా అటు వెళ్లిపోయారు.

రెండో దారి నాకు ముచ్చటైనది. 1963లో లైట్జ్ తెచ్చిన 135 మి.మీ., ఎఫ్/2.8 ఎల్మారిట్‌కు కళ్లజోడు ఉంటుంది. మాటవరసకు కాదు, నిజంగానే. లెన్స్ పైన రెండు గాజులు బిగించి, అవి కెమెరా రెండు కిటికీల ముందుకు వచ్చేలా చేశారు. దృశ్యం ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది. 0.72 కాస్తా 1.08 అవుతుంది, సాగు ఆధారం 50 నుంచి 75కి పెరుగుతుంది. వీధిలో నిలబడ్డ 0.038 లోపలికి, 0.025కి వస్తుంది. పెద్దాయనకు కళ్లజోడు పెట్టించి మళ్లీ పేపరు చదివించడమే ఇది. బరువూ ఎక్కువే, సంచిలో ఇమడదు, చూడ్డానికీ అందంగా ఉండదు. లెక్క మాత్రం నిలబడింది.

టెలిఫోటో అన్న మాటను ఇక్కడిదాకా వాడకుండా వచ్చాను, కావాలనే. దూరాన్ని దగ్గర చేసే ప్రతి లెన్స్‌నూ మనం ఆ పేరుతోనే పిలుస్తాం కానీ, అసలు అర్థం వేరు. ముందు కుంభాకార కటకాలు, వెనక పుటాకార కటకాలు పెట్టి, నాభ్యంతరం కన్నా గొట్టం పొట్టిగా ఉండేలా చేసినదే టెలిఫోటో. 1891లో డాల్‌మేయర్ ఇంగ్లండులో, మీతె, స్టైన్‌హైల్ జర్మనీలో ఎవరికి వారుగా దీన్ని కనిపెట్టారు. 1933 నాటి లైట్జ్ 135 మి.మీ. హెక్టార్ ఆ లెక్కన టెలిఫోటో కాదు, పొడుగు లెన్స్ మాత్రమే. 1965 నాటి టెలె-ఎల్మార్ పేరులోనే తన జాతి చెప్పుకుంటుంది. ఫోకస్ లెక్కకు మాత్రం ఈ భేదం పట్టదు. గొట్టం పొట్టిదైనా నాభ్యంతరం అదే, వర్గమూ అదే.

గీతలో పట్టించే కష్టం వేరే. 0.72 ఫైండర్‌లో 35 మి.మీ. గీత దాదాపు కిటికీ నిండా ఉంటుంది. 135 గీత లోపలి స్థలం దానిలో పదిహేనో వంతు. పెరట్లో నిలబడి పక్కింటి కిటికీలోంచి వాళ్ల టీవీ చూడటం లాంటిది. ఆ చిన్న పెట్టెలోనూ నడిమధ్యన రేంజ్‌ఫైండర్ దీర్ఘచతురస్రం కొంత చోటు తినేస్తుంది. కొంగ కన్ను మూసిందో తెరిచిందో తెలియదు. కానీ అదే కిటికీలో గీత బయటి ప్రపంచమంతా కనబడుతుంది. పక్క నుంచి రెండో కొంగ దిగబోతోందని ముందే తెలుస్తుంది. ఎస్ఎల్ఆర్‌లో 135 పెట్టుకున్నవాడికి అది ఫ్రేములోకి వచ్చాకే తెలుస్తుంది. పైగా బటన్ నొక్కిన క్షణంలో ఎస్ఎల్ఆర్ అద్దం లేచి కన్ను చీకటవుతుంది. ఇక్కడ చీకటి లేదు, అద్దం కుదుపు లేదు, చప్పుడు కూడా తక్కువ.

అద్దం లేకపోవడంలో ఒక ప్రమాదం ఉంది, కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. పాత రేంజ్‌ఫైండర్లలో చాలావాటి షట్టర్ నల్లటి గుడ్డ. లెన్స్‌కూ ఆ గుడ్డకూ మధ్య అడ్డం ఏమీ ఉండదు. మధ్యాహ్నం ఎండలో లెన్స్‌ను ఆకాశం వైపు పెట్టి బల్ల మీద వదిలేస్తే, భూతద్దంతో కాగితం కాల్చిన చిన్ననాటి ఆటే అక్కడా జరుగుతుంది. గుడ్డకు సూదిబెజ్జం పడుతుంది. తర్వాత ప్రతి ఫొటోలో ఒకేచోట తెల్లటి చుక్క. మన ఎండలకు లెన్స్ మూత పెట్టుకోవడం, కెమెరాను మెడలో మూతి కిందికి వేలాడదీయడం అలవాటు చేసుకోవాలి.

ఇన్ని చెప్పాక ఈ కెమెరాకు పొడుగు లెన్స్ ఎందుకని అడగవచ్చు. దానికి నాకు దొరికిన మంచి జవాబు 135 కాదు, 85. 1950లో టోక్యోలో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్‌ను, మికి జున్ అనే జపాను యువ ఫొటోగ్రాఫర్ తన దగ్గరున్న 85 మి.మీ., ఎఫ్/2 నికాన్ నిక్కార్‌తో తీశాడు. వెలుతురు అంతంతమాత్రం. ప్రింటు చూసి డంకన్ ఆశ్చర్యపోయి ఆ కంపెనీకి వెళ్లాడు. కొద్దిరోజుల్లోనే కొరియా యుద్ధం మొదలైంది. డంకన్ తన లైకాలకు నిక్కార్ లెన్స్‌లు తగిలించుకుని అక్కడికి పోయాడు. జపాను గాజు పేరు లోకానికి తెలిసింది అలా. ఆనాటి మరతో బిగించే లైకా III రేంజ్‌ఫైండర్ కిటికీ దృశ్యాన్ని ఒకటిన్నర రెట్లు పెంచి చూపేది. 39ని ఒకటిన్నరతో గుణిస్తే సాగు ఆధారం 58 మి.మీ. పైన. 85 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/2 దగ్గర పూర్తిగా తెరిచినా చెదురు 0.018. మసక గదిలోని ముఖానికీ ఈ త్రిభుజానికీ సరిగ్గా కుదిరిన జోడు అది.

135నే పట్టుకు వేలాడేవాళ్లకు (నేను ఆ జాబితాలోనే ఉన్నాను) ఎఫ్/5.6కు తగ్గించడం తేలికైన ఉపాయం. చెదురు 0.019కి దిగుతుంది. అమీన్‌పూర్‌కు రెండోసారి అలాగే వెళ్లాను, గురి కొంగ ముక్కుకే పెట్టాను. పదిలో ఏడు బాగా వచ్చాయి. మిగతా మూడింటిలో తప్పు కొంగది, అడుగు ముందుకు వేసింది.

1998లో లైకా మళ్లీ ఒక 135 తెచ్చింది, ఎపో-టెలిట్ అని. దాని అపర్చర్ ఎఫ్/3.4. నాలుగు కాదు, 2.8 కాదు, మూడున్నర కూడా కాదు. ఈ వింత సంఖ్య ఎక్కడిదా అని పెన్సిలు తీశాను. 0.72 ఫైండర్‌తో వేస్తే చెదురు 0.031, గడప కర్ర మీద సరిగ్గా. అదే ఏడాది ఎం6 కెమెరాను 0.85 ఫైండర్‌తో కూడా అమ్మారు. సాగు ఆధారం 59కి దగ్గరగా వస్తుంది. వేసి చూడండి: 0.026. పాత 135 ఎఫ్/4కు వచ్చిన చెదురూ దాదాపు ఇదే. గాజు తయారుచేసినవాళ్లూ ఫైండర్ తయారుచేసినవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈ లెక్క వేశారో, కాకతాళీయంగా కుదిరిందో మరి.